దుంగల లెక్క



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపబూనినది ఒక కలప కంపెనీ చరిత్రము. వర్తకుల సంగతి గ్రామములలోని పెద్దలకేల యని మీలో కొందఱికి తోపవచ్చును. కాని మన మండువా లోగిళ్లలోని స్తంభములను, దూలములను, ద్వారబంధములను చూపి "ఇది రంగూను టేకు సుమా" అని మనము గర్వముతో చెప్పుకొనుచుందుము గదా. ఆ టేకు ఏ యడవిలో పెరిగినదో, ఎవరు నఱికించిరో, దాని మూలమున ఏ రాజు సింహాసనము కోల్పోయెనో తెలిసికొనుట మనకు అనుచితము గాదు. అంతేకాదు. ఆ చరిత్రమునుండి మనము నేర్చుకొనదగిన వ్యవహారధర్మ మొకటి కలదు. దానిని నాకు మొట్టమొదట బోధించినవాడు మా యూరి వృద్ధ వడ్రంగి. కావున అతనితోనే ప్రారంభించెదను.

గత సంవత్సరము మా తాతగారు కట్టించిన యిల్లు విప్పవలసి వచ్చినది. గోడలు ఉప్పెక్కి రాలిపోయినవి గాని, కాకినాడ రేవునుండి నావలమీద తెప్పించిన టేకు స్తంభములు ఎనిమిదియు చెక్కు చెదరలేదు. చెదపురుగు వాని దరి చేరలేదు. పట్టణమునుండి పాతకలప కొను వర్తకుడొకడు వచ్చి, త్రాడుతో స్తంభము చుట్టును కొలిచి, నాలుగడుగులనెను, పొడవు పదియడుగులనెను, "ఒక్కొక్కటి పది ఘనపుటడుగులు" అని చీటీ వ్రాసెను. నేను నలువది సంవత్సరములు బడిలో లెక్కలు చెప్పినవాడను. వృత్తవైశాల్యము కట్టి చూడగా నాకు పన్నెండు ముప్పాతిక వచ్చినది. ఎనిమిది స్తంభములకు ఇరువది రెండు ఘనపుటడుగుల భేదము! వర్తకుడు మోసగాడని నేను కోపించితిని. అంతట ఆ వడ్రంగి నవ్వి యిట్లనెను:

"పంతులుగారూ, ఆయన లెక్క తప్పు గాదు, తమరి లెక్కా తప్పు గాదు. ఆయన వేసినది అడితి లెక్క, తమరు వేసినది బడి లెక్క. ఏ లెక్కో ముందే మాట్లాడుకోకపోవడమే తప్పు."

విచారింపగా ఆతడు చెప్పినది సత్యమే. గుండ్రని దుంగను కొలుచుటకు కలప వర్తకములో పూర్వమునుండి వచ్చుచున్న పద్ధతి యొకటి కలదు. చుట్టుకొలతలో నాలుగవ వంతు తీసి, దానిని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చవేయుదురు. ఈ పద్ధతిని ఉన్న కలపలో నూటికి డెబ్బది యెనిమిదిన్నర పాళ్లు మాత్రమే లెక్కకు వచ్చును. తక్కినది దుంగను చదరము చేయునప్పుడు చెక్కుడుగా పోవునని వదలివేయుదురు. నిలువు దుంగకు ఇది న్యాయమే కావచ్చును. చెక్కి నునుపు చేసిన స్తంభమునకు ఇది న్యాయమా? ఇదియే ప్రశ్న. పెద్దలారా! ఇట్టి ప్రశ్నయే, ఎనిమిది స్తంభములను గూర్చి గాక వేలకొలది దుంగలను గూర్చి, 1885వ సంవత్సరమున బర్మాదేశమున పుట్టినది. అచ్చట తీర్పు చెప్పుటకు వృద్ధ వడ్రంగి లేడయ్యెను. ఫిరంగులు తీర్పు చెప్పినవి.

ఇక కథలోనికి వత్తము. స్కాట్లండు దేశీయులైన వాలెసు సోదరులు 1840 తరువాతి సంవత్సరములలో బొంబాయి చేరి, 1848లో అచ్చట వర్తకసంఘ మొకటి స్థాపించిరి. ఆంగ్లేయులు 1852 నాటి యుద్ధమున దిగువ బర్మాను స్వాధీనము చేసికొనగనే ఈ సోదరుల దృష్టి రంగూనుపై పడినది. వారిలో విలియం వాలెసు బర్మా వ్యాపారమును నడపెను. 1863లో దానిని వాటాల కంపెనీగా మార్చి "బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషను" అని పేరిడిరి. వాటాలు కొన్నవారిలో మన దేశపు వర్తకులును గలరు. పెత్తనము మాత్రము వాలెసు వారిదే.

వారికి బర్మా టేకుపై అంత యాశ యేల? టేకులో సహజముగా నూనె యుండును. అందుచే చెదలు పట్టదు, నీట నాని క్రుళ్లదు. సీమలోని ఓకు కఱ్ఱలో దిగగొట్టిన యినుప మేకును ఆ కఱ్ఱలోని పులుసే తినివేయును. టేకు ఇనుముతో స్నేహముగా నుండును. అందుచేతనే ఓడలకు ఇంతకంటె మేలైన కఱ్ఱ లేదని నావికులు ఎఱుగుదురు. బొంబాయిలో వాడియా వంశపు పారసీక శిల్పులు 1817లో మలబారు టేకుతో కట్టిన "ట్రింకోమలీ" యను యుద్ధనౌక రెండువందల యేండ్లు గడచినను ఇంగ్లండులో నేటికిని నీటిపై తేలుచున్నది. ఈ వాడియా వంశమును జ్ఞాపకముంచుకొనుడు. కథాంతమున మరల వత్తురు.

టేకును అడవినుండి రేవునకు చేర్చు విధము వినదగినది. పచ్చి టేకు నీట మునుగును. కావున ముందుగా చెట్టు మొదట చుట్టును బెరడును, దాని లోపలి తెల్లకఱ్ఱను చేవ వఱకు గాటు పెట్టి, చెట్టును నిలువుననే చంపుదురు. రెండు మూడు సంవత్సరములు అట్లే నిలిచి యెండిన పిమ్మట నఱుకుదురు. ఏ చెట్టు పడినను సరియని నఱుకుటకు వీలులేదు. 1856లో పెగూ అడవుల కధికారిగా వచ్చిన జర్మను పండితుడు బ్రాండిసు, ఎన్ని చెట్లున్నవి, ఏటేట ఎన్ని ముదురుచున్నవి యని లెక్క కట్టి, ముదిరిన వానినే తీయవలెనని ఆంగ్లేయ మండలమున నియమము చేసెను. కొండలలో పోడు సేద్యము చేయు కరెనుల చేతనే పైరుతోపాటు టేకు విత్తనమును నాటించు పద్ధతినిగూడ ప్రవేశపెట్టెను. ఆయనయే పిదప 1864లో హిందూదేశపు అడవుల కన్నిటికి ప్రప్రథమ ప్రధానాధికారి యయ్యెను.

పడిన దుంగను ఏనుగులు ఈడ్చుకొని వచ్చి యెండిన యేటి గర్భములలో నుంచును. కంపెనీకి ఏనుగులు వందలు గాదు, వేలు గలవు. వాని పోషణ మిక్కిలి తెలివితో జరుగుచుండెను. చల్లని వేళల పని. మండు వేసవిలో విశ్రాంతి. రాత్రి యయినచో మెడకు కొయ్యగంట కట్టి యడవిలో మేయ విడుచుట. తెల్లవాఱగనే మావటీడు ఆ గంట సవ్వడినిబట్టి వెదకి తెచ్చుకొనుట. ప్రతి మావటీనికి తన గంట నాదము తెలియును. వానలు కురిసి యేఱులు పొంగినపుడు దుంగలు కొట్టుకొనిపోయి పెద్ద నదిని జేరును. అచ్చట తెప్పలు కట్టి రంగూను వఱకు తేల్చుకొని పోవుదురు. గాటు పెట్టిన నాటినుండి రంపపు మిల్లు చేరునాటికి ఎన్నో యేండ్లు గడచును. ఇంతకాలము మూలధనము నీటి పాలు చేసి కాచుకొనగల ఓర్పు చిన్న వర్తకులకు లేదు. అందుచేతనే ఈ వర్తకము పెద్ద కంపెనీల పాలయ్యెను.

వరదలో అందఱి దుంగలును కలసిపోవును గనుక, ప్రతి దుంగ కొనను సుత్తితో యజమాని ముద్ర కొట్టుదురు. మా యిల్లు విప్పినపుడు నడిమి దూలపు కొనను, గోడలో నూఱేండ్లు దాగియున్న అట్టి ముద్ర యొకటి బయటపడెను. వడ్రంగి దానిని వ్రేలితో తుడిచి నాకు చూపెను. ఏనుగు ఈడ్చిన దుంగ, నదిలో తేలిన దుంగ, నా తలపై ఇన్నాళ్లు ఉన్నదా యని నాకు ఒడలు పులకరించినది.

ఎగువ బర్మాలో అప్పటికి స్వదేశప్రభువుల రాజ్యమే. 1857లో మాండలే నగరమును నిర్మింప నారంభించిన మిండను రాజు బుద్ధిమంతుడు. ఆయన రాజ్యములోని నింగ్యాను అడవులను, అనగా నేటి పిన్మనా ప్రాంతమును, కంపెనీ గుత్తకు పుచ్చుకొనెను. దుంగలు సిట్టాంగు నదిలో తేలి, సరిహద్దు దాటి, ఆంగ్లేయుల తౌంగూ పట్టణము మీదుగా దిగువకు పోవుచుండెను. చూడుడు: చెట్టు పడినది రాజుగారి సీమలో, దుంగ దాటిపోవునది పరాయి సీమలో. రాజునకు దుంగకింత యని పన్ను రావలెను. మఱి దుంగలను లెక్కించునది యెవరు? చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

1878లో మిండను చనిపోగా తీబా రాజయ్యెను. బొక్కసము ఖాళీ. కొలువులో కక్షలు. 1885 ఆగస్టులో ఆయన మంత్రిసభ విచారణ జరిపి, కంపెనీవారు తీసికొనిపోయిన దుంగలకంటె చాల తక్కువకు పన్ను చెల్లించిరనియు, అడవిలో పనిచేసిన బర్మీయులకు రావలసిన సొమ్ము ఈయలేదనియు నిర్ణయించి, ఇంచుమించు 23 లక్షల రూపాయల దండుగు విధించెను. కంపెనీ ఈ యారోపణమును నిరాకరించెను. ఆంగ్లేయ ప్రభుత్వము, రాజప్రతినిధి నియమించు మధ్యవర్తి తీర్పునకు ఒప్పుకొనుడని కోరెను. బర్మా కొలువు అంగీకరింపలేదు. మా రాజ్యములో మా న్యాయస్థానము చెప్పిన తీర్పును మార్చుటకు పరరాజు నియమించు మధ్యవర్తి యేల యని వారి భావము. వాది మీవాడే, మధ్యవర్తియు మీవాడేనా యని వారనుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? కాని రాజు తానే పన్ను పుచ్చుకొనువాడై, తానే తీర్పు చెప్పుటగూడ కంపెనీ కన్నులకు న్యాయముగా కనబడలేదు. ఇరుపక్షములును నమ్మదగిన తీర్పరి లేకపోవుటయే ఇచ్చటి దౌర్భాగ్యము.

కేవలము దుంగలకొఱకే యుద్ధము జరిగెనని చెప్పుట సత్యము గాదు. ఆ యేడు జనవరిలో బర్మా ప్రభుత్వము ఫ్రెంచివారితో సంధి చేసికొనెను. మాండలేలో ఫ్రెంచి దూత కాపురముండెను. ఇది ఆంగ్లేయులకు కంటగింపయ్యెను. దుంగల తగవు కారణమా, మిష మాత్రమా యని చరిత్రకారులు నేటికిని వాదించుకొనుచున్నారు. ఏదియైనను, అక్టోబరు 22న తుదిహెచ్చరిక బయలుదేరెను. కంపెనీపై చర్య ఆపవలెను, ఆంగ్లేయ దూతను అంగీకరింపవలెను, ఇకముందు పరరాజులతో వ్యవహారములు ఆంగ్లేయుల యిష్టానుసారము నడపవలెను అని అందలి నిబంధనములు. నవంబరులో ప్రెండర్‌గాస్టు సేనాపతి పదివేలమంది సైన్యముతో పొగయోడలపై ఐరావతీనదిలో ఎగువకు సాగెను. నవంబరు 28న మాండలే చేరెను. మఱునాడు తీబా రాజును రాణిని పడవ యెక్కించిరి. 1886 జనవరి 1న ఎగువ బర్మా ఆంగ్లేయ రాజ్యములో చేరినదని ప్రకటించిరి. ఆ రాజు మొదట తెచ్చి దింపబడినది మన చెన్నపట్టణముననే. పిదప రత్నగిరిలో ఉంచిరి. ముప్పది యేండ్లు అచ్చటనే యుండి 1916లో పరదేశమున కన్ను మూసెను. దండుగు వసూలు కాలేదు సరికదా, దండుగు వేసిన రాజ్యమే లేకుండ పోయినది.

అటుపిమ్మట కంపెనీకి ఎదురు లేదయ్యెను. బర్మా టేకు వర్తకములో అయిదు సీమ కంపెనీలుండగా అన్నింటికంటె ఇదియే పెద్దది. రంగూను, మౌల్మేను పట్టణముల మిల్లులలో కోసిన కలప సీమకు, హిందూదేశపు రేవులకు పోవుచుండెను.

ఈ కథలో మన తెలుగువారికిని పాలు గలదు. గోదావరీ ముఖమున నోడలు కట్టిన కోరంగి రేవు పేరనే బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. కాకినాడ, విశాఖపట్టణ రేవులనుండి వేలకొలది మనవారు రంగూను పోయి బియ్యపు మిల్లులలో, రంపపు మిల్లులలో, రేవుపనులలో చెమటోడ్చిరి. 1930 మే మాసమున రేవుకూలీల తగవు ముదిరి, బర్మీయులకును తెలుగు కూలీలకును రంగూనులో ఘోరమైన కొట్లాట జరిగెను. 1942లో జపానువారు రాగా లక్షలాది హిందూదేశీయులు కొండలు కోనలు దాటి కాలినడకను పాఱిపోయి వచ్చిరి. ఎందఱో దారిలోనే ప్రాణములు విడిచిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేటపేరు ఆ దేశమునుండి తిరిగివచ్చినవారిని నేటికిని స్మరింపజేయుచున్నది.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. క్రొత్త ప్రభుత్వము టేకు అడవులను తన వశము చేసికొన నారంభించెను. కంపెనీ అడవులు కోల్పోయెను. రాజు 23 లక్షల దండుగు వేసిన కంపెనీ, అరువదిమూడేండ్లకు, ఆ రాజు ప్రజల చేతనే సాగనంపబడెను. 2014లో ఆ దేశము ముడిదుంగల నెగుమతినే నిషేధించెను. కంపెనీ మాత్రము నశింపలేదు. దక్షిణ హిందూదేశమున తేయాకు తోటలు ముందుగనే సంపాదించుకొనియుండెను. కాలక్రమమున వాలెసువారి చేతినుండి తప్పి వాడియా వంశీయుల వ్యాపారసమూహములో చేరినది. టేకుతో ఓడలు కట్టిన వంశమువారికే టేకు కంపెనీ చిక్కుట విధివిలాసము గదా.

ఆ తేయాకు తోటలలో నొకదాని సంగతి చెప్పి ముగించెదను. 1929లో తిరునెల్వేలి సీమలోని సింగంపట్టి జమీందారు, మాంజోలై కొండలలో ఇంచుమించు 8,374 ఎకరముల యడవిని ఈ కంపెనీకి తొంబదితొమ్మిది యేండ్లకు గుత్త వ్రాసియిచ్చెను. ఆ గడువు 2028తో తీఱును. వ్రాసియిచ్చిన జమీందారీ పోయినది. సంతకము చేసినవారు పోయినారు. 2024లో కంపెనీ అచ్చటి పని ముగింపబూనగా, తరతరములుగా ఆ కొండలపై ఆకు కోసిన కూలీల కుటుంబములు "మేమెచ్చటికి పోవుదుము" అని న్యాయస్థానమున మొఱపెట్టుకొనిరి. పత్రము వ్రాసిననాడు వారి ముత్తాతలను అడిగినవారు లేరు.

పెద్దలారా! మన గ్రామములలోను నేడు కౌళ్లు, గుత్తలు పెరిగినవి. సరుగుడు, సుబాబులు తోటలకు గుత్త, చెఱువునకు గుత్త, పొలమునకు దీర్ఘకాలపు కౌలు. పత్రము తెచ్చువాడు పట్టణమునుండి వచ్చును. సంతకము చేయువాడు మీ యింటివాడు. అట్టి సమయమున ఈ కంపెనీ చరిత్రమును స్మరింపుడు. కొలత ఏ పద్ధతిని జరుగునో ముందే వ్రాయించుకొనుడు. లెక్క అవతలివానికి వదలక, సరకు మీ పొలిమేర దాటకముందే మీరొక లెక్క వ్రాసి యుంచుకొనుడు. తగవు వచ్చినచో ఇరుపక్షములును నమ్ము మధ్యవర్తి యెవరో, స్నేహముగా నున్న నాడే నిర్ణయించుకొనుడు. కోపము వచ్చిన నాడు ఎవరి మాటయు ఎవరికిని రుచింపదు. గడువు మీ మనుమల కాలమునకు మించునేని, ఆ మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని సంతకము చేయుడు.

మా స్తంభముల సంగతి అడుగుదురేమో. వర్తకుని మరల పిలిపించితిని. వడ్రంగిని మధ్యను కూర్చుండబెట్టితిమి. చెక్కిన స్తంభమునకు చెక్కుడు తరుగు లేదని ఆతడు చెప్పగా వర్తకుడు కొంతసేపు ఆలోచించి యొప్పుకొనెను. నా లెక్కకు కొంత తగ్గి, అతని లెక్కకు కొంత పెరిగి, ఒక్కొక్కటి పన్నెండు ఘనపుటడుగులుగా తీర్మానమైనది. ఆఱు స్తంభములు అమ్మితిని. రెండు స్తంభములను మా క్రొత్త యింటి యరుగుపై నిలిపితిని. ముద్రగల దూలపు కొనను కోయించి నా పుస్తకముల బీరువాపై నుంచుకొంటిని. బడిపిల్లలు వచ్చి యది యేమని యడుగుదురు. ఇది ఒక దుంగ లెక్కలోనిదని చెప్పి, వారిచేత చుట్టుకొలత కొలిపించి, రెండు విధములను లెక్క కట్టింతును.